డిజిటల్ గ్రంథాలయం ముందు బాగేపల్లి పాఠకుడు

స్కానింగ్ గురించి మనవాళ్ళు చాలా మాట్లాడారు. ఎన్ని పేజీలు తీశారు, ఎన్ని పుస్తకాలు ఎక్కించారు అన్న లెక్కలు ప్రతి ప్రారంభోత్సవంలోనూ వినిపిస్తాయి. ఎక్కించిన పుస్తకాన్ని పాఠకుడు వెతికి పట్టుకోగలుగుతున్నాడా, పట్టుకున్నాక నాలుగు పేజీలు తిప్పగలుగుతున్నాడా అని అడిగినవాళ్ళు తక్కువ. అది తేల్చడానికి ప్రయోగశాల, నిపుణులు, లక్షల ఖర్చు కావాలన్న భయం ఒకటి అడ్డుపడుతోంది. ఆ భయం అక్కర్లేదని తెలిసి ముప్పై అయిదేళ్ళు దాటింది. ఒక బల్ల, ఒక ఫోను, పక్కన కూర్చుని నోరు మెదపకుండా చూడగల ఒక మనిషి ఉంటే చాలు. అయితే బయట పుట్టిన ఆ చవక పద్ధతుల్ని ఉన్నవి ఉన్నట్టు తెచ్చి చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి గ్రంథాలయాల్లో పెడితే ఎంతవరకు నిలుస్తాయో చూడాలి.

ఈ మూడు ఊళ్ళనే ఎంచుకోవడానికి కారణం ఉంది. కర్ణాటకలో 2007లో కోలారు నుంచి విడిపోయి ఏర్పడిన ఈ చిక్కబళ్ళాపురం జిల్లాలో, ముఖ్యంగా బాగేపల్లి వైపు, ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం. ఫోనులో కొట్టే అక్షరాలు చాలామందికి ఇంగ్లీషువి. చింతామణి టమాటా మార్కెట్లో బేరం తెలుగులో నడుస్తుంది, గోడ మీద బోర్డు కన్నడంలో ఉంటుంది. ఎవరికీ అది వింతగా తోచదు. కైవారం తాతయ్య అని జనం పిలుచుకునే యోగి నారేయణ తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు చెప్పారు. ఆయన తెలుగు కీర్తనను కన్నడ లిపిలో చూసి పాడుకునే భజన గుంపులు ఇక్కడ ఉన్నాయి. పాడేది తెలుగు, చదివేది కన్నడ లిపి. ఇలాంటి పాఠకుడు ఉంటాడని ఏ డిజిటల్ గ్రంథాలయం రూపకర్తా ముందుగా ఊహించినట్టు లేదు.

ఇతని ముందు ఏమేం ఉన్నాయో చూద్దాం. కర్ణాటక ప్రభుత్వ గ్రంథాలయ శాఖ 2020లో డిజిటల్ సార్వజనిక గ్రంథాలయం తెచ్చింది. పల్లెల్లో అయిదు వేల ఆరు వందల పైచిలుకు గ్రామ పంచాయతీ గ్రంథాలయాలు 2019లో గ్రామీణాభివృద్ధి, పంచాయత్ రాజ్ శాఖ కిందికి వచ్చాయి. ఇప్పుడు వాటిని అరివు కేంద్రాలంటున్నారు. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే జాతీయ డిజిటల్ గ్రంథాలయం ఉంది. తెలుగు వికీసోర్స్ ఉంది. ఇవన్నీ ఉన్నా, పాత తెలుగు పుస్తకం కావాలన్నవాడు చివరికి చేరేది ఇంటర్నెట్ ఆర్కైవ్‌కి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పుస్తకాల నకళ్ళు అక్కడే ఉన్నాయి కనుక.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కథ దగ్గర కాస్త ఆగాలి. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కంప్యూటర్ శాస్త్రంలో 1994 ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పది లక్షల పుస్తకాల పథకం మొదలుపెట్టారు. దాని భారతదేశ భాగమే ఈ డిజిటల్ లైబ్రరీ, కేంద్రం బెంగళూరు ఐఐఎస్‌సీ. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలోనూ స్కానింగ్ జరిగింది. అంత పెద్ద పనిని మెచ్చుకోకుండా ఉండలేం. వాడుక సంగతికొస్తే మాత్రం, పరీక్ష పెట్టకుండా జనం మీదికి వదిలితే ఏమవుతుందో చెప్పడానికి అంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. పుస్తకం ఒక్కొక్క పేజీగా టిఫ్ బొమ్మలై తెరుచుకునేది. ఆ బొమ్మ కనపడాలంటే బ్రౌజర్లో ఒక అదనపు ప్లగిన్ వేసుకోవాలి. పుస్తకం మొత్తం దించుకునే దారి లేక ఓపికున్న పాఠకులు సొంతంగా డౌన్‌లోడర్ ప్రోగ్రాములు రాసి పంచుకున్నారు.

పేర్ల సంగతి ఇంకా ఘోరం. తెలుగు పుస్తకాల శీర్షికల్ని రోమన్ అక్షరాల్లో, ఒక ప్రత్యేకమైన లిప్యంతరీకరణ పద్ధతిలో ఎక్కించారు. సున్నాకి ఎన్ పక్కన పై కామా, ఋత్వానికి ఆర్, ఎక్స్ అక్షరాల జంట. ఆ పద్ధతి ప్రకారం ‘ఆంధ్ర’ అన్న మాటకు రెండు ‘ఏ’లు, ఒక ఎన్, ఒక పై కామా, తర్వాత డి, హెచ్, ఆర్, ఏ కొట్టాలి. ఏ పాఠకుడు అలా కొడతాడు? పైగా ఎక్కించిన మనిషిని బట్టి, రోజును బట్టి గుణింతం మారింది. 2017 ప్రాంతంలో ఆ సైటు మూతపడింది. పుస్తకాలు ఆర్కైవ్‌లో బతికాయి, వాటితోపాటు ఆ పేర్లూ బతికాయి. నలుగురు తెలుగు పాఠకుల్ని ఒక మధ్యాహ్నం కూర్చోబెట్టి ‘ఆంధ్ర మహాభారతం వెతకండి’ అని ఉంటే, మొదటి వెయ్యి పుస్తకాలు ఎక్కకముందే ఈ తప్పు బయటపడేది.

ఇక పద్ధతుల విషయం. డెన్మార్క్‌కు చెందిన జేకబ్ నీల్సన్ 1989లో ‘డిస్కౌంట్ యూజబిలిటీ’ అన్న మాట ముందుకు తెచ్చాడు. సారాంశం తేలికే. కొద్దిమందిని పిలిచి, వాళ్ళకు నిజమైన పని ఒకటి ఇచ్చి, చేస్తున్నంతసేపూ మనసులో అనుకుంటున్నది పైకి చెప్పమని, ఎక్కడ తడబడుతున్నారో రాసుకోవడం. 1993లో టామ్ లాండవర్‌తో కలిసి లెక్క కట్టాడు. సగటున ఒక్కొక్క మనిషి మొత్తం లోపాల్లో 31 శాతం బయటపెడతాడని, ఆ లెక్కన అయిదుగురితో సుమారు 85 శాతం దొరుకుతాయని. 2000లో దీన్నే జనరంజకంగా రాశాడు. అప్పట్నుంచి ‘అయిదుగురు చాలు’ అన్నది మంత్రమైంది. స్టీవ్ క్రుగ్ ఇంకా తగ్గించాడు: నెలకో పూట, ముగ్గురు మనుషులు, మధ్యాహ్నం భోజనం దగ్గర ఏం దిద్దాలో తేల్చేయడం. చిన్న గ్రంథాలయానికి క్రుగ్ పద్ధతే దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం.

మంత్రానికి ఎదురుమాటలూ వచ్చాయి. 2001లో జేరెడ్ స్పూల్, విల్ ష్రోడర్ కొన్ని అమ్మకపు సైట్ల మీద చూస్తే మొదటి అయిదుగురికి దొరికినవి 35 శాతం లోపాలే. 2003లో లారా ఫాక్నర్ అరవై మందితో పరీక్ష పెట్టి, అందులోంచి అయిదేసి మందిని యాదృచ్ఛికంగా తీసి చూసింది. ఒక అయిదుగురికి 99 శాతం దొరికితే, ఇంకో అయిదుగురికి 55 శాతమే దొరికాయి. పదిమందిని తీసుకుంటే ఎంత తక్కువన్నా 80 శాతం. అంటే అయిదుగురిలో ఎవరు పడతారన్నది సగం అదృష్టం.

లెక్కను మన ఊరికి తెచ్చుకుంటే విషయం తేటపడుతుంది. కన్నడ లిపిలో తెలుగు వెతికేవాళ్ళకే తగిలే లోపం ఒకటుందనుకోండి. గ్రంథాలయానికి వచ్చే పదిమందిలో ఒకరు అలాంటి పాఠకుడనుకోండి. దారిన పోయే అయిదుగురిని పిలిస్తే ఆ లోపం బయటపడే అవకాశం 41 శాతం. సగానికి సగం కూడా లేదు. అదే పాఠకుణ్ణి చూసి, పిలిచి కూర్చోబెడితే మొదటి నిమిషంలోనే కనపడుతుంది. నీల్సన్ కూడా ఈ మాట చెప్పాడు. వాడేవాళ్ళు వేర్వేరు గుంపులైతే ఒక్కో గుంపు నుంచి ముగ్గురు నలుగురిని తీసుకోమన్నాడు. మంత్రం జపించేవాళ్ళు ఆ వాక్యం దాటేస్తారు, అంతే.

ఇక్కడ గుంపులు వయసును బట్టో, ఆడా మగా అన్నదాన్ని బట్టో తేలవు. లిపిని బట్టి తేలతాయి. పోటీ పరీక్షలకు చదివే కుర్రాళ్ళు, అమ్మాయిలు ఒక గుంపు. వాళ్ళే ఈ గ్రంథాలయాల్లో కుర్చీలు నింపేది. కన్నడం, ఇంగ్లీషు చదువుతారు, తెలుగు మాట్లాడతారు, తెలుగు లిపి చాలామందికి రాదు. తెలుగు పాటను, పద్యాన్ని కన్నడ లిపిలో చదివే పెద్దలు రెండో గుంపు. సరిహద్దు అవతల హిందూపురం, లేపాక్షి వైపు చదువుకుని ఇక్కడ స్థిరపడినవాళ్ళు, కోడళ్ళుగా వచ్చినవాళ్ళు మూడో గుంపు. వీళ్ళకు తెలుగు లిపి వచ్చు, కన్నడం కూడబలుక్కుని చదువుతారు. గుంపుకు ముగ్గురు చొప్పున తొమ్మిది మంది. ఒక తాలూకా గ్రంథాలయానికి ఇది మోయలేని బరువేం కాదు. ముగ్గురేసి చొప్పున మూడు విడతల్లో చేస్తే మరీ మంచిది, మధ్యలో దిద్దుకోవచ్చు.

మనిషి దొరికాక అసలు చిక్కు మొదలవుతుంది. మనసులో మాట పైకి చెప్పమంటే మనవాళ్ళు చెప్పరు. క్లేటన్ లూయిస్ 1982లో ఐబీఎంలో ఈ పద్ధతిని పరీక్షలకు వాడినప్పుడు ఎదుట కూర్చున్నవాళ్ళు వేరు. ఇక్కడ ఎదుటివాడు ప్రభుత్వ మనిషి, మీరు చూపిస్తున్నది ప్రభుత్వ వస్తువు. ‘బాగుంది సార్’ అని తప్ప ఇంకో మాట రాదు. పని జరగకపోతే తప్పు తనదే అనుకుంటాడు, ‘నాకు చదువు తక్కువ సార్’ అంటాడు. మర్యాద వల్ల పరీక్ష పాడైపోతుందన్న సంగతి మన దేశంలో పనిచేసిన అపలా లాహిరి చవన్ గమనించి ఒక ఉపాయం కనిపెట్టారు. దానికి బాలీవుడ్ పద్ధతి అని పేరు. పని ఇవ్వకుండా కథ ఇస్తారు. మేనకోడలి పెళ్ళి దగ్గర పడింది, పెళ్ళికొడుకు కిరాయి హంతకుడని, పైగా ఇదివరకే పెళ్ళయిందని ఇప్పుడే తెలిసింది, వెంటనే టికెట్ బుక్ చేసుకుని వెళ్ళి ఆపాలి. కథలో పడ్డ మనిషి మర్యాద మరిచిపోతాడు. సైటు మొరాయిస్తే కసురుకుంటాడు. తెలుగు సినిమాకు బస్సెక్కి వెళ్ళే బాగేపల్లివాళ్ళ దగ్గర ఇది పారుతుందనడంలో నాకు సందేహం లేదు. కాకపోతే గ్రంథాలయ పనికి కథ కట్టడం అంత సులువు కాదు. రేపు పొద్దున పొలం తగాదాలో ఊరి పాత పేరు చూపించాలి, శాసనం ఉందంటున్నారు, దొరకబట్టు అంటే కొంత ఊపు వస్తుందేమో.

నా ఓటు మాత్రం జంట పద్ధతికి. ఒకరినొకరు ఎరిగిన ఇద్దరిని ఒకే తెర ముందు కూర్చోబెట్టి పని ఇస్తే, పైకి మాట్లాడమని చెప్పే అవసరమే రాదు. మామను, మేనల్లుడిని కూర్చోబెట్టారనుకోండి, వినపడేది ఇలా ఉంటుంది:

‘యాడ నొక్కాల మామా?’

‘ఆ భూతద్దం బొమ్మ మింద నొక్కు. అదే కదా ఎతికేది.’

‘నొక్కితి. ఏం రాలే.’

‘కైవారం అని కొట్నావా, కైవార అని కొట్నావా?’

ఆఖరి ప్రశ్నలోనే ఒక లోపం మొత్తం బయటికొచ్చింది. కన్నడంలో రాస్తే చివర సున్నా ఉండదు, తెలుగులో ఉంటుంది. ఇంగ్లీషులో వి పెట్టినవాళ్ళు, డబ్ల్యూ పెట్టినవాళ్ళు ఉన్నారు. కైవారం యోగి పేరే నారాయణప్ప, నారేయణ, తాతయ్య అని మూడు రకాలుగా నడుస్తుంది. ఒక్కడినే కూర్చోబెట్టి ఉంటే ఫలితాలు రాని తెర వంక చూసి, చిరునవ్వు నవ్వి, ‘లేదు సార్’ అనేవాడు. పుస్తకం ఉంది, పేరు కలవలేదు అన్న తేడా మనకు తెలిసేదే కాదు. జంటలో ఒక జాగ్రత్త: ఇద్దరిలో మౌస్ పట్టుకున్నవాడే పెత్తనం చేస్తాడు. కాసేపయ్యాక చేతులు మార్పించాలి.

మిగతా పద్ధతుల గురించి క్లుప్తంగా. కాగితం మీద తెర బొమ్మ గీసి, ఎక్కడ నొక్కుతారో వేలు పెట్టి చూపించమనడం కరెంటు పోయిన మధ్యాహ్నాలకు దివ్యమైన పద్ధతి. విషయాల పేర్లు చీటీల మీద రాసి వరుసగా పేర్చమంటే, ‘వ్యవసాయం’ కింద పట్టుపురుగుల పుస్తకం వెతుకుతారా, దానికి వేరే గది కావాలంటారా అన్నది తేలుతుంది. శిడ్లఘట్ట పట్టు మార్కెట్ ఉన్న జిల్లాలో ఆ ప్రశ్న చిన్నది కాదు. జాన్ బ్రూక్ 1986లో తయారుచేసిన పది వాక్యాల ప్రశ్నపత్రాన్ని చాలామంది వాడతారు గానీ ఇక్కడ దానికి దూరంగా ఉండటమే మేలు. ఒక వాక్యం మెచ్చుకోలు, తర్వాతిది తెగడ్త, ఇలా మార్చి మార్చి ఉంటాయి. వాటికి ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు వెయ్యమంటే మర్యాదస్తుడు అన్నిటికీ అయిదు వేసి వెళ్ళిపోతాడు. చదవడం అంతగా రానివాళ్ళ విషయంలో బెంగళూరు మైక్రోసాఫ్ట్ రిసెర్చ్‌లో ఇంద్రాణి మేధి చేసిన పని చూడదగ్గది. బెంగళూరు బస్తీల్లో ఇళ్ళ పని చేసే ఆడవాళ్ళతో కూర్చుని, అక్షరాలు లేకుండా బొమ్మలు, గొంతుతో నడిచే తెరలు తయారుచేశారు. చదువుకోసం ఉన్న గ్రంథాలయంలో అక్షరం లేని తెర ఎందుకని అడగొచ్చు. అరివు కేంద్రానికి మనవణ్ణి తీసుకొచ్చే అవ్వను చూసినవాళ్ళు అడగరు.

అన్నిటికన్నా చవకైన పద్ధతి ఎవరూ వాడనిది. వెతుకులాట పెట్టెలో జనం ఏం కొట్టారో, వాటిలో దేనికి సున్నా ఫలితాలు వచ్చాయో ఆ చిట్టా సర్వర్లో ఉండే వస్తువు. నెలకోసారి దాన్ని జిల్లా వారీగా విడదీసి తాలూకా గ్రంథాలయానికి పంపితే, మనుషుల్ని కూర్చోబెట్టకముందే సగం లోపాలు తెలుస్తాయి. పంపేముందు పేర్లు, ఫోను నెంబర్లు తీసేయాలి. ఎవరు ఏం చదువుతున్నారన్నది ఊళ్ళో తెలియాల్సిన సంగతి కాదు.

ఇక పని ఎలాంటిది ఇవ్వాలన్నది. ‘ఏదైనా పుస్తకం వెతకండి’ అంటే పరీక్ష కాదు. ఈ జిల్లాకు సరిపోయే పని ఒకటి నాకు తోస్తుంది: మీ ఊరి శాసనం పట్టుకోండి. బి. లూయిస్ రైస్ సంపాదకత్వంలో వచ్చిన ‘ఎపిగ్రాఫియా కర్నాటికా’ పదో సంపుటం, 1905 నాటిది, ఆర్కైవ్‌లో ఉంది. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి, గౌరిబిదనూరు, శిడ్లఘట్ట తాలూకాల శాసనాలు అందులో ఉన్నాయి. కానీ దాని పేరు కోలారు జిల్లా శాసనాలు. చిక్కబళ్ళాపురం జిల్లా పుట్టడానికి నూటరెండేళ్ళ ముందు అచ్చయిన పుస్తకం మరి. కాబట్టి జిల్లా పేరు కొట్టిన పదో తరగతి పిల్లాడికి అది శీర్షికల్లో దొరకదు. కోలారు అని కొట్టాలని ఎవరో చెప్పాలి. దొరికి తెరిచాక రెండో గోడ. తాలూకాను రెండు అక్షరాలతో, శాసనాన్ని అంకెతో సూచిస్తారు. బాగేపల్లికి బి, జి. చింతామణికి సి, టి. అది తెలియనివాడికి అంకెలు అంకెల్లాగే మిగులుతాయి. మూడోది, ఊళ్ళ పేర్లు రోమన్ అక్షరాల్లో నెత్తిన గీతలతో, కింద చుక్కలతో ఉంటాయి. కంప్యూటర్ వాటిని చదివేటప్పుడు ఆ గీతల్నీ చుక్కల్నీ మింగేస్తుంది, లేదా ఇంకో అక్షరంగా మారుస్తుంది. పుస్తకం లోపల ఊరి పేరు వెతికితే రాదు. ఈ మూడు గోడల్లో ఒక్కటి కూడా పాఠకుడి చదువుకు సంబంధించింది కాదు. జిల్లా పేరు వివరాల్లో చేర్చడం, సంక్షిప్తాల పట్టిక పక్కన పెట్టడం, ఊళ్ళ పేర్ల జాబితా చేత్తో కొట్టడం. మూడూ గుమాస్తా పనులే.

లిపి గోడ ఎంత ఎత్తుంటుందో కూడా చెప్పాలి. బయటివాళ్ళు అనుకున్నంత లేదు. యూనికోడ్‌లో తెలుగు, కన్నడ అక్షరాల్ని రెండు పక్కపక్క అరల్లో ఒకే వరుసలో పేర్చారు. మన ప్రభుత్వం 1988లో ఖరారుచేసిన ఇస్కీ పద్ధతి నుంచి వచ్చిన వరుస అది. తెలుగు ‘క’ సంఖ్య 3093, కన్నడ ‘క’ సంఖ్య 3221. తేడా 128. ఇదే తేడా గుణింతాలకూ వర్తిస్తుంది, కొన్ని అరుదైన అక్షరాలు తప్ప. కన్నడ లిపిలో ఎవరైనా వెతికితే ప్రతి సంఖ్యలోంచి 128 తీసేసి తెలుగు లిపిలో కూడా వెతకమని చెప్పడం ప్రోగ్రామరుకు ఒక పూట పని. చివరి సున్నా ఉన్నా లేకపోయినా ఒకటేనని ఇంకో నియమం చేర్చాలి. భజన గుంపు పెద్దాయన కన్నడంలో ‘కైవార’ అని కొడితే తెలుగులో ‘కైవారం’ ఉన్న పుస్తకాలు కూడా వస్తాయి. ఇంత తేలికైనది ఇన్నాళ్ళూ ఎందుకు జరగలేదంటే, అలా వెతికే మనిషి ఒకడున్నాడని తెర గీసినవాడికి తెలియదు. తెలియజేయడానికి పరీక్ష తప్ప వేరే దారి లేదు.

చవక పరీక్షల మీద నాకున్న అసలు అనుమానం ఇంకొకటి. లోపం బాగేపల్లి బల్ల మీద కనపడుతుంది, దిద్దే అధికారం బెంగళూరులోనో ఖరగ్‌పూర్‌లోనో, ఆర్కైవ్ అయితే శాన్ ఫ్రాన్సిస్కోలోనో ఉంటుంది. నీల్సన్, క్రుగ్ ఇద్దరూ పరీక్ష పెట్టినవాడి పక్క గదిలోనే దిద్దేవాడు ఉంటాడనుకుని రాశారు. మన లైబ్రేరియన్‌కి పక్క గది లేదు. నివేదిక రాసి పైకి పంపి, జవాబు రాకపోతే, రెండోసారి పరీక్ష పెట్టే ఉత్సాహం ఎవరికీ ఉండదు. అందుకని పరీక్ష ముగిసిన రోజే లోపాల్ని రెండు కాగితాల మీద విడివిడిగా రాయడం నయం. పైవాళ్ళు దిద్దాల్సినవి ఒక కాగితం మీద, వీలైతే ఫోనులో తీసిన తెర వీడియోతో కలిపి. ఇద్దరు మనుషులు తికమకపడుతున్న నిమిషం వీడియో పది పేజీల నివేదికకన్నా త్వరగా కదిలిస్తుంది. అందులో ముఖాలు, నెంబర్లు పడకుండా, వాళ్ళ అనుమతితోనే తీయాలి. ఇక్కడే దిద్దుకోగలిగినవి రెండో కాగితం మీద. ఈ రెండోది అనుకున్నదానికన్నా పొడుగ్గా వస్తుంది.

కంప్యూటర్ పక్క గోడ మీద అతికించే ఒక్క పేజీ దానిలో మొదటిది. కైవారం పేరును ఎన్ని రకాలుగా వెతకొచ్చో, పాత పుస్తకాలకు కోలారు అని ఎందుకు కొట్టాలో, తెలుగు మాటను కన్నడ లిపిలో రాసి, కింద ఇంగ్లీషు అక్షరాల్లో ఇచ్చే పేజీ. తర్వాతది ఎపిగ్రాఫియా పదో సంపుటానికి ఊళ్ళ జాబితా: ఇప్పటి ఊరి పేరు కన్నడంలో, తెలుగులో, పక్కన రైస్ రాసిన స్పెల్లింగు, శాసనం అంకె, స్కానులో పేజీ. పోటీ పరీక్షల కుర్రాళ్ళు ఇద్దరు సెలవుల్లో కూర్చుంటే బాగేపల్లి తాలూకా భాగం అయిపోతుంది. ఆ జాబితా ఒక ఎక్సెల్ షీటుగా ఉంటే చింతామణివాళ్ళు తమ భాగం దానికే కలపొచ్చు.